ఓబీ గుట్ట మీద అడవి లేచిందా? ఏ కొలతను నమ్మాలి, ఎవరికి ఏది సరిపోతుంది

సికింద్రాబాద్‌లో రాత్రి మణుగూరు రైలెక్కి పడుకుంటే తెల్లారేలోపు కొత్తగూడెంలో దిగొచ్చు. స్టేషన్ బోర్డు మీద మాత్రం భద్రాచలం రోడ్ అని ఉంటుంది, కొత్తవాళ్లు కాస్త మెలకువగా ఉండాలి. అక్కడి నుంచి ఏ ఓపెన్‌కాస్ట్ గని వైపు వెళ్లినా ముందు కంటపడేవి గుట్టలు. దేవుడు పెట్టిన గుట్టలు కావవి. బొగ్గు కోసం పైనున్న మట్టినీ రాయినీ తవ్వి డంపర్లతో పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు. వాటిలో పాతవాటి మీద చెట్లున్నాయి. వానాకాలం చివర్లో చూస్తే కళ్లకు చలువగా, పచ్చగా కనిపిస్తాయి.

ఆ పచ్చదనం చూసి "సక్సెస్" అని రాసెయ్యొచ్చా? హైదరాబాద్‌లో కూర్చుని ఇలాంటి రిపోర్టులు తయారుచేసేవాళ్లు, థీసిస్ టాపిక్ పట్టుకున్న ఎమ్మెస్సీ పిల్లలు, సమాచార హక్కు కింద కాగితాలు తెప్పించుకునే స్వచ్ఛంద సంస్థలవాళ్లు నన్ను అడిగేది ఒకటే. మొక్కలు లెక్కపెట్టాలా, శాటిలైట్ చూడాలా, మట్టి పరీక్ష చేయించాలా? అన్నీ చేయమనడం తేలికే, కానీ అంత డబ్బు, అంత టైమ్ ఎవరి దగ్గరా ఉండవు. ఒక్కో కొలత ఒక్కో చోట మోసపోతుంది. ఒకటి మోసపోయే చోట ఇంకోటి మోసపోకుండా జత కట్టుకోవాలి. నేను ఎంచుకునే పద్ధతి ఇదే.

## కొలత ఎంచుకునే ముందు

మొదటి సంగతి, దేనితో పోల్చి చూస్తున్నారు? "60 శాతం పచ్చదనం ఉంది" అంటే వినడానికి బాగానే ఉంటుంది. పక్కనున్న సహజమైన అడవిలో అదే రోజు ఎంత ఉందో తెలియకపోతే ఆ 60కి అర్థం లేదు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు చుట్టూ ఉన్నది ఆకురాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, ఇప్ప, బిల్లుడు ఉండే అడవి. గుట్టకు దగ్గర్లో, మరీ నరికివేతకు గురికాని అడవి ముక్క ఒకటి చూసుకుని, గుట్ట మీద కొలిచిందల్లా అక్కడా కొలవాలి. కష్టం రెట్టింపవుతుందని చాలామంది ఇది ఎగ్గొడతారు. నేనైతే గుట్ట మీద ప్లాట్లు, అంటే కొలత కోసం కట్టే చదరాలు, సగానికి తగ్గించుకుంటాను గానీ అడవిలో కొలవడం మానను.

రెండోది, ఆ నేలను చివరికి ఏం చేయాలనుకున్నారు? గని మూసివేత ప్రణాళికలో ఇది రాసి ఉంటుంది. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు ఇచ్చి 2013లో సవరించినప్పటి నుంచి ప్రతి గనికీ ఈ ప్రణాళిక ఉండాలి, దాని ఖర్చు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే కట్టుబడిన ఖాతాలో, వేస్తూ రావాలి. అడవి భూమిని తీసుకున్న చోట అడవితో పోల్చాలి. పశువుల మేతకు వదలాలనుకున్న చోట టేకు చెట్లు లెక్కపెడితే లాభం లేదు, గడ్డి బరువు తూచాలి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గని పని అయిపోయాక లీజుదారులు ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలని, మేతకూ జీవజాలానికీ పనికొచ్చేలా చేయాలని చెప్పింది. అక్కడ కోర్టు వాడిన మాట చెట్లు కాదు, గడ్డి. మన దగ్గర సక్సెస్ అనగానే చెట్ల వైపే చూస్తాం.

మూడోది వయసు. రెండేళ్ల తోటకు నీళ్లు పోస్తున్నారు, ఎరువు వేస్తున్నారు, కాపలా మనిషి ఉన్నాడు. అప్పుడు కొలిస్తే మీరు కొలిచేది ఆ కాపలా మనిషి పనితనాన్ని. అమెరికాలో 1977లో వచ్చిన గనుల చట్టం కింద పెట్టిన నిబంధన ఇక్కడ బాగా పనికొస్తుంది. విత్తడం, ఎరువు, నీళ్లు అన్నీ ఆపేసిన తర్వాతే లెక్క మొదలవుతుంది. ఏడాదికి 26 అంగుళాలకు మించి, అంటే సుమారు 660 మిల్లీమీటర్లకు మించి వాన పడే చోట 5 ఏళ్లు, అంతకంటే తక్కువ పడే చోట 10 ఏళ్లు ఆగాలి. అప్పుడు గుట్ట మీది పచ్చదనం ప్రమాణంలో 90 శాతానికి తగ్గకూడదు. అంటే అడవిలో నేల 70 శాతం కప్పి ఉంటే గుట్ట మీద 63 శాతమైనా ఉండాలి. మన గోదావరి లోయలో వాన 660 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి ఆ లెక్కన 5 ఏళ్లు చాలు. ఆ చట్టం మనకు వర్తించదు. అయినా సొంతంగా ప్రమాణం పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు నేను దీన్నే అరువు తెచ్చుకుంటాను.

ఇక నాలుగోది, మీరు కొలిచిన చోటే ఇంకొకరు వెళ్లి కొలిస్తే అదే అంకె వస్తుందా? ఫోటోలు ఈ పరీక్షలో నిలబడవు. వాటిని రిపోర్టు అట్ట మీదికి వాడుకోండి.

## మొక్కల లెక్క

అందరికీ తెలిసిన పద్ధతి, అందరూ అడిగే అంకె. పర్యావరణ అనుమతి పత్రాల్లో హెక్టారుకు సుమారు 2500 మొక్కలు అన్న షరతు తరచూ కనిపిస్తుంది. అంటే 4 చదరపు మీటర్లకు ఒకటి. 10 మీటర్ల చదరం తాడుతో కడితే లోపల 25 మొక్కలు ఉండాలి. 20 ఉంటే 80 శాతం బతికినట్టు. స్కూలు పిల్లలు కూడా చేయగలరు, ఖర్చు లేదు, ఎవరు చేసినా దాదాపు అదే అంకె వస్తుంది.

మోసపోయేది చచ్చిన మొక్కల దగ్గర. 25 నాటితే మొదటి ఎండాకాలానికి 10 పోయాయనుకుందాం. వానలకు ఆ గుంతల్లోనే మళ్లీ 10 పెడతారు. మీరు వెళ్లేసరికి 25కు 25! అసలు బతికింది 60 శాతమేనని ఆ అంకెలో ఎక్కడా లేదు. మొక్కలు భర్తీ చేయడం తప్పేమీ కాదు, చేయాల్సిందే. కానీ దాన్ని లెక్కలో విడిగా చూపించాలి. అమెరికా నిబంధనలో దీనికి మంచి కట్టడి ఉంది. లెక్కలోకి తీసుకునే చెట్లలో కనీసం 80 శాతం, ఆ గడువులో 60 శాతం కాలమైనా అక్కడే ఉండి ఉండాలి. 5 ఏళ్ల గడువైతే 3 ఏళ్లన్నమాట. మన దగ్గర ఇది చేయడానికి పెద్ద తంటా లేదు. ప్రతి చెట్టుకూ మొదలు దగ్గర చుట్టుకొలత తీసుకోండి. ఒకే ఏడాది నాటిన తోటలో బొటనవేలంత కాండాలు, ముంజేయంత కాండాలు కలిసి ఉంటే భర్తీ జరిగినట్టే.

ఇంకో పని కూడా చేస్తాను, కాపలా అతనికి నచ్చదు. కుంగినట్టున్న మొక్క ఒకదాన్ని అడిగి పీకి చూస్తాను. ఒకసారి పీకితే నర్సరీ నల్ల పాలిథిన్ సంచి అలాగే ఉంది. నాటేటప్పుడు చింపలేదు. నాలుగేళ్ల మొక్క వేళ్లు ఆ సంచిలోనే చుట్టలు చుట్టుకుని, అడుగున చిన్న చిరుగులోంచి ఒక్క వేరు మాత్రం బయటికొచ్చి బలపం రాయిలాంటి షేల్ ముక్కకు తగిలి వంగిపోయింది. లెక్క ప్రకారం అది "బతికిన" మొక్క. పైన ఆకులు కూడా ఉన్నాయి.

## తాడు, టేపు, నేల మీది లెక్క

చెట్లను వదిలి నేలను చూసే పద్ధతి ఇది. 50 మీటర్ల టేపును బెంచీ మీద, అంటే గుట్ట వాలులో మెట్టులా వదిలిన చదును మీద పరిచి, ప్రతి అర మీటరుకు ఒక సన్నని పుల్ల నిలువుగా దించి, అది దేనికి తగిలిందో రాసుకోవాలి. పచ్చి ఆకు, ఎండుటాకు, రాయి, ఒట్టి మట్టి. 100 చోట్ల దించితే వచ్చిన అంకే శాతం, లెక్కలు కట్టే పని లేదు. దానితో పాటు గడ్డీగాదం కోసం 1 మీటరు చదరాలు, పొదల కోసం 5 మీటర్ల చదరాలు, చెట్ల కోసం 10 మీటర్ల చదరాలు వేస్తే బోటనీ వాళ్లు అడిగేవన్నీ వచ్చేస్తాయి.

చెట్ల కింద ఎండుటాకు ఎంత మందాన పడి ఉందో ఈ పద్ధతే చెబుతుంది. వాన చినుకు నేరుగా ఒట్టి ఓబీ మీద పడితే సన్నటి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. రెండు మూడేళ్లకు వాలులో కాలువలు పడతాయి. పైన గొడుగులా చెట్లున్నా కింద నేల బోసిగా ఉంటే ఆ గుట్ట కరిగిపోతూనే ఉన్నట్టు.

బెంచీల మీద నడవడం సులువు కాబట్టి అందరూ టేపు అక్కడే పరుస్తారు. ఈ పద్ధతి మోసపోయేది అక్కడే. గుట్టలో ఎక్కువ భాగం వాలు. అనుమతుల్లో మొత్తం మీద 28 డిగ్రీలు మించకూడదని ఉంటుంది గానీ, రెండు బెంచీల మధ్య వాలు అంతకంటే నిటారుగా ఉంటుంది. కాలు జారుతుంది, టేపు నిలవదు. అయినా సగం టేపులు వాలు మీద వేయకపోతే మీ అంకె బెంచీల అంకె అవుతుంది, గుట్టది కాదు.

వచ్చే ఏడాది అదే చోటికి రావాలంటే గుర్తు కావాలి. ఇనుప మేకులు పాతకండి, అవి పాతసామాన్ల కొట్టుకు వెళ్లిపోతాయి. పెద్ద బండ మీద పెయింటు వేసి జీపీఎస్ పాయింటు రాసుకోండి.

## శాటిలైట్

హైదరాబాద్ వాళ్లకు ఇది పెరటి విద్య. బాలానగర్‌లో ఇస్రో వాళ్ల శాటిలైట్ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, వాళ్ల మ్యాపుల సైటు భువన్ పోర్టల్ 2009 నుంచి ఉంది, మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-4 కెమెరా చిత్రం 5.8 మీటర్ల స్పష్టతతో వస్తుంది. యూరప్ వాళ్ల సెంటినెల్‌-2 చిత్రాలు 10 మీటర్లవి, 2015 నుంచి ఉచితం. అమెరికా లాండ్‌శాట్ 30 మీటర్లదే గానీ 1980ల నుంచి దొరుకుతుంది. గని రాకముందు ఆ చోట అడవి ఎలా ఉండేదో చూడాలంటే అంతకు మించిన సాక్షి లేదు.

వీటి నుంచి తీసే ప్రధాన అంకె ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం సూచిక. ఆకు ఎరుపు కాంతిని తాగేస్తుంది, సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది ఇదే. ఒట్టి ఓబీకి 0.1, 0.2 చుట్టూ, దట్టమైన పచ్చదనానికి 0.6, 0.7 పైన వస్తుంది. గుట్టంతా ఒక్క చూపులో, వాలుతో సహా కనపడుతుంది. కుర్చీలోంచి లేవక్కర్లేదు.

నేను బాగా దెబ్బతిన్నది కూడా దీని దగ్గరే. కొత్తలో ఒక సంస్థకు అక్టోబరు నెలాఖరు చిత్రం ఒక్కటి తీసుకుని రిపోర్టు ఇచ్చాను. గుట్ట అంకె, పక్కనున్న అడవి అంకె ఇంచుమించు సమానం. మ్యాపు ముదురాకుపచ్చ. అందరూ సంతోషించారు. తర్వాతి వేసవిలో ఇంకో పని మీద అదే చోటి ఏప్రిల్ చిత్రం తెరిస్తే అడవి కంటే గుట్టే పచ్చగా ఉంది! ముందు సంబరపడ్డాను. టీ తాగొచ్చాక అర్థమైంది. ఏప్రిల్‌లో టేకు అడవికి ఆకు ఉండదు. రాల్చేసి, తొలకరి కోసం ఎదురుచూస్తుంటుంది. గుట్ట మీద ఆకు నిలిచి ఉందంటే అక్కడున్నది జామాయిల్, సుబాబుల్ లాంటివే. అడవి కంటే పచ్చగా ఉండటమే అది అడవి కాదనడానికి గుర్తు.

అందుకే ఒక్క తేదీ చిత్రంతో తీర్పు చెప్పకండి. అక్టోబరు చివర, జనవరి, ఏప్రిల్, ఈ మూడూ తీసుకుని గుట్టకూ అడవికీ రెండు గీతలు గీయండి. గుట్ట గీత అడవి గీతతో పాటు లేచి, అడవి గీతతో పాటు పడుతుంటే చెట్ల జాతులు కలుస్తున్నాయని ఆశ పెట్టుకోవచ్చు. అక్టోబరులో కలిసి ఏప్రిల్‌లో పైన నిలబడితే ఎప్పుడూ ఆకు ఉండే తోట. ఏప్రిల్‌లోనే కాదు, జనవరికే దబ్బున పడిపోతే అది వానకు మొలిచి ఎండిపోయిన గడ్డీ కలుపూ. గుట్టకు వెళ్లే ముందు ఇది చేయి తిరగాలంటే కేబీఆర్ పార్కు మీద చేసి చూడండి. అదీ ఆకురాల్చే అడవే. ఏప్రిల్ చిత్రం చూసి, సాయంత్రం వెళ్లి నడిచి సరిచూసుకోవచ్చు.

పర్యావరణ అనుమతి రిపోర్టులు ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి వెళ్లాలి. డిసెంబరు రిపోర్టుకు చిత్రం తీసేది సరిగ్గా గుట్ట నిగనిగలాడే రోజుల్లో. ఎవరి తప్పూ లేదు, క్యాలెండరే అలా కుదిరింది.

మిగతా చిక్కులు చిన్నవి గానీ ఉన్నాయి. జులై, ఆగస్టుల్లో మబ్బు వల్ల చిత్రమే దొరకదు. 25 మీటర్ల బెంచీలో 10 మీటర్ల గళ్లు రెండే పడతాయి, అంచు గడిలో వాలు, రోడ్డు కలిసిపోతాయి. లాండ్‌శాట్‌లో అయితే బెంచీ అంతా ఒక్క గడే. డంపర్లు తిరిగే హాల్ రోడ్డు పక్క ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుంటే అంకె తగ్గుతుంది. వయ్యారిభామైనా మద్దిచెట్టైనా ఎన్‌డీవీఐకి ఒకటే పచ్చ.

డ్రోన్ గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఎగరేయడానికి అనుమతులు కావాలి, గనిలో బ్లాస్టింగ్ వేళలు చూసుకోవాలి. అవన్నీ కుదిరితే వాలు మీద కాలువలు, చచ్చిన చెట్లు బ్రహ్మాండంగా కనపడతాయి. చెట్ల ఎత్తు కూడా వస్తుంది. కానీ గొడుగు కింద ఏముందో దానికీ తెలియదు.

## మట్టి పరీక్ష

ఓబీ మట్టి కాదు. మన దగ్గర అది బరాకర్, కామ్తీ అనే రాతి పొరల ఇసుకరాయి, షేల్, బంకమట్టి కలిసిన పొడి. డంపర్ల చక్రాల కింద నలిగి గట్టిపడింది. దాన్ని నేలగా మార్చాల్సింది చెట్లే. మారిందా లేదా అన్నది నిజంగా చెప్పగలిగేది మట్టి పరీక్ష ఒక్కటే. అందుకే దీని మీద నాకు గౌరవం. అందుకే దీని మోసం కూడా అందరికంటే పెద్దది.

మామూలు ల్యాబులో సేంద్రియ కర్బనం కొలిచేది వాక్లీ-బ్లాక్ పద్ధతిలో. పొలం మట్టికి అది చక్కగా పనిచేస్తుంది. ఓబీలో సన్నటి బొగ్గు రేణువులు ఉంటాయి. బొగ్గూ కర్బనమే కదా! ఆ ఆమ్లంలో కొంత బొగ్గు కూడా కాలి లెక్కలో చేరిపోతుంది. గడ్డిపోచ మొలవని గుట్ట మీది మట్టికి పొలం కంటే ఎక్కువ సేంద్రియ కర్బనం ఉన్నట్టు కాగితం రావొచ్చు. చూసినవాళ్లు "నేల బాగుపడింది" అని రాస్తారు. దీనికి పెద్ద ఖర్చు లేని విరుగుడు ఒకటుంది. మొక్కలు వేయని తాజా ఓబీ కుప్ప నుంచి కూడా నమూనా తీసుకుని అదే ల్యాబుకు ఇవ్వండి. తోట మట్టి అంకెలోంచి ఈ అంకె తీసేస్తే మిగిలిందే చెట్లు చేసిన పని, కనీసం దాని దగ్గరి అంచనా.

రెండో మోసం జల్లెడ దగ్గర. ల్యాబువాళ్లు 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి కింద పడినదాన్నే పరీక్షిస్తారు. మీ నమూనాలో బరువు ప్రకారం సగం రాళ్లైతే, కాగితం మీది అంకె ఆ మిగతా సగానికే. హెక్టారుకు ఎంతని గుణించేటప్పుడు రాళ్ల వాటా తీసేయకపోతే ఫలితం రెట్టింపు చూపిస్తుంది. రాళ్ల బరువు విడిగా తూచి రాయమని ల్యాబును ముందే అడగండి, అడగకపోతే పారేస్తారు.

పీహెచ్ గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. మన దగ్గర దొరికే గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా తక్కువ కాబట్టి వేరే దేశాల గనుల్లోలా నేల ఆమ్లంగా మారడం ఇక్కడ అంతగా కనపడదు. కొలవండి, ఒక వాక్యంలో రాసేయండి. గట్టిదనం మీద మాత్రం ఎక్కువసేపు ఉండండి. క్యూబిక్ సెంటీమీటరుకు 1.6, 1.7 గ్రాములు దాటితే చాలా మొక్కల వేళ్లు దిగడానికి ఇబ్బంది పడతాయి. ల్యాబు డబ్బుల్లేకపోతే గడ్డపార చాలు. ఆకు తుక్కు పక్కకు నెట్టి ఒక జానెడు తవ్వండి. పైన నల్లగా, వేళ్లతో అల్లుకుని, వేలితో నలిపితే ముక్కలయ్యే పొర ఎన్ని వేళ్ల మందం ఉందో చూడండి. చెదలు, వానపాము, తెల్లటి బూజు దారాలు కనపడ్డాయా రాసుకోండి. మంచి వాసన వస్తుంది, అది రిపోర్టులో పెట్టలేం.

## తనంతట తాను మొలిచినవి

నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ గల లెక్క ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. మనిషి నాటని మొక్కలు ఎన్ని ఉన్నాయి? పిట్టలు తెచ్చిన నేరేడు, వేప, రావి. గాలికి వచ్చిన మద్ది, బిల్లుడు. గుట్ట మీద చెట్లు కాసి రాల్చిన గింజలు మొలిచినవి. మోకాలెత్తు లోపు, మోకాలు నుంచి నడుమెత్తు, ఆపైన అని మూడు వరసల్లో రాసుకోవాలి. అన్నీ మోకాలు లోపే ఉంటే ఏటా మొలిచి ఏటా పోతున్నట్టు.

జాతుల పోలికకు సోరెన్సన్ సూత్రం చాలు. గుట్ట మీద 20 జాతులు, అడవిలో 30, రెండింటా కనపడినవి 5 అనుకోండి. 5ను రెట్టింపు చేసి 50తో భాగిస్తే 0.2. ఒకటికి ఎంత దగ్గరైతే అంత పోలిక. జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచికను ఒంటరిగా వాడకండి. కలుపు జాతులు పది చేరినా అది పెరుగుతుంది, పెరిగింది కదా అని మనం మురిసిపోతాం.

ఈ లెక్క మోసపోయేది చదువు దగ్గర. మొలకను చూసి జాతి చెప్పగలిగే మనిషి కావాలి. ఫోన్ యాప్‌లు మొలకల దగ్గర తడబడతాయి. ఆకులు వత్తి తెచ్చుకుంటే దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థలోనో, ఉస్మానియా బోటనీలోనో చూపించుకోవచ్చు. అంతకంటే ముందు అక్కడే మేకలు కాసే పెద్దవాళ్లను అడగండి. ఒక జామాయిల్ తోటలో చదరం కట్టుకుంటుంటే ఒకామె వచ్చి, "గీడ ఏం వెతుకుతున్నవ్ బిడ్డా, మా మేకలే గీ తోపుల ఆగయి" అంది. ఆ చదరంలో తినదగ్గ మొక్క ఒక్కటీ లేదని రెండు గంటల తర్వాత నా నోట్‌బుక్కూ అదే చెప్పింది.

## పక్కపక్కన పెడితే

| కొలత | గట్టిగా చెప్పేది | మోసపోయే చోటు | ఎప్పుడు చేయాలి | ఖర్చు, శ్రమ |
|---|---|---|---|---|
| మొక్కల లెక్క | నాటిన పని జరిగిందా | భర్తీ మొక్కలు, సంచి విప్పని వేళ్లు | మే నెలాఖరు, వానకు ముందు | చాలా తక్కువ |
| టేపు, చదరాలు | నేల కప్పి ఉందా, కోత ఆగిందా | బెంచీల మీదే కొలవడం | వానలయ్యాక ఒకసారి, ఎండల్లో ఒకసారి | మనుషుల శ్రమ ఎక్కువ |
| శాటిలైట్ | గుట్టంతా, ఏళ్ల తరబడి మార్పు | ఒక్క తేదీ, కలుపు, ఎప్పుడూ ఆకుండే చెట్లు | కనీసం మూడు తేదీలు | డబ్బు తక్కువ, నేర్పు కావాలి |
| మట్టి | ఓబీ నేలగా మారుతోందా | బొగ్గు రేణువులు, రాళ్లు | ఎప్పుడైనా, కానీ ప్రతిసారీ అదే నెల | ల్యాబు ఫీజు |
| సొంతంగా మొలిచినవి | మనిషి లేకుండా నిలుస్తుందా | జాతి గుర్తింపు | అక్టోబరు, మళ్లీ మే | నిపుణులు కావాలి |

## మీరెవరన్నదాన్ని బట్టి

కంపెనీలకు రిపోర్టు రాసే కన్సల్టెంటైతే మొక్కల లెక్క తప్పదు, అనుమతి పత్రం అదే అడుగుతుంది. దానికి జతగా మూడు తేదీల శాటిలైట్ పెట్టండి. మొక్కల లెక్క భర్తీ దగ్గర మోసపోతే, నాలుగైదేళ్ల శాటిలైట్ గీతలో ఆ పడిపోవడం, మళ్లీ లేవడం కనపడుతుంది. ఒకే చిత్రం పెట్టమని పై నుంచి ఒత్తిడి వస్తే ఏప్రిల్‌ది కూడా అనుబంధంలోనైనా వేసేయండి.

ఎమ్మెస్సీకి ఆరు నెలలే ఉంటాయి. మట్టి, సొంతంగా మొలిచినవి, ఈ రెండే తీసుకుని 5, 10, 15 ఏళ్ల వయసున్న మూడు గుట్టలు, ఒక అడవి ముక్క చూడండి. ఒకే గుట్టను పదిహేనేళ్లు కనిపెట్టుకుని ఉండలేరు కాబట్టి వేర్వేరు వయసుల గుట్టలను వరసలో పెడుతున్నారు. ఇందులో ఒక లొసుగుంది. పదిహేనేళ్ల కిందట వేసిన జాతులు, ఇప్పుడు వేస్తున్న జాతులు ఒకటి కాకపోవచ్చు, అప్పుడు మీరు వయసు అనుకున్నది నర్సరీ మార్పు అవుతుంది. నాటిన జాబితా సంపాదించకుండా గుట్టను ఖాయం చేసుకోకండి. పీహెచ్‌డీ వాళ్లకు నా సలహా అక్కర్లేదు, గైడ్ ఒప్పుకోరు.

గ్రామం తరఫునో, స్వచ్ఛంద సంస్థ తరఫునో చూస్తున్నవాళ్లు ల్యాబుల జోలికి ముందే వెళ్లొద్దు. టేపు, మేలో మొక్కల లెక్క, ఈ రెండూ మీ చేతుల్లో ఉన్నవే, అవతలివాళ్లు మళ్లీ కొలిచి సరిచూసుకోగలిగేవి కూడా. ఫలితాన్ని ఊళ్లో చూపించడానికి పర్యావరణ పునరుద్ధరణ సంఘం 2016లో తెచ్చిన అయిదు నక్షత్రాల చక్రం పనికొస్తుంది. ముప్పులు, నేల స్థితి, జాతులు, చెట్టూ పొదా గడ్డీ అనే అంతస్తులు, పనితీరు, చుట్టుపక్కలతో రాకపోకలు అని ఆరు విషయాలకు విడివిడిగా నక్షత్రాలు ఇస్తారు. ఒకే మార్కు ఇచ్చి గొడవపడే పని తప్పుతుంది. అయితే నక్షత్రాలు ఇచ్చేది మనిషే, కింద టేపు లెక్క లేకపోతే అది సినిమా రేటింగే.

పత్రికల్లో రాసేవాళ్లకు రెండు రోజులే దొరికితే, ఏప్రిల్ చిత్రం చూసి, ఒక గడ్డపార పట్టుకెళ్లండి.

## రెండు కొలతలు గొడవపడితే

పడతాయి, దాని కోసమే జత కట్టాం. పచ్చదనం బాగుంది, సొంతంగా ఏమీ మొలవలేదంటే చాలాసార్లు చిక్కగా వేసిన ఒకే జాతి తోట. కొంచెం పలచన చేసి కింద గడ్డి చల్లితే దారిలో పడొచ్చు. పచ్చదనం తక్కువ, మొలకలు బాగున్నాయంటే తొందరపడి "ఫెయిల్" అనకండి. మోదుగ, తునికి లాంటివి ముందు కింద వేరు పెంచుకుంటాయి, పైన చూపించేది తర్వాత. మొక్కల లెక్క బాగుండి మట్టిలో ఏమీ కదలకపోతే ఇంకా నీళ్ల ట్యాంకరు తిరుగుతోందేమో కనుక్కోండి.

మొన్నటి పనిలో నాకు మొదటి రకం వచ్చింది. సగటు తీసి "ఓ మోస్తరు సక్సెస్" అని రాయమన్నారు. రెండు అంకెలనూ విడివిడిగానే ఉంచాను. పచ్చదనం అక్టోబరులో అడవితో సమానం, ఏప్రిల్‌లో అడవి కంటే ఎక్కువ. 12 ప్లాట్లలో నడుమెత్తు దాటిన సొంత మొలక ఒక్కటే, అదీ ఒక వేప. మూడేళ్ల తర్వాత మే నెలలో మళ్లీ చూడాలని రాసి, పెయింటు వేసిన 12 బండల జీపీఎస్ పాయింట్లు చివరి పేజీలో పెట్టాను.